వాగు ఒడ్డు వావిలి.. గట్టు మీదికి రావాలి

మున్నేరు కానీ, వైరా కానీ, కిన్నెరసాని కానీ, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఏ ఏటి ఒడ్డున నడిచినా గుబురుగా పెరిగిన పొద ఒకటి కనబడుతుంది. కొన్నిచోట్ల నడుమెత్తు, కొన్నిచోట్ల మనిషిని మించిన ఎత్తు. ఆకు చెయ్యి చాచినట్టు ఐదు వేళ్లుగా ఉంటుంది. పైన ముదురు ఆకుపచ్చ, తిరగేస్తే బూడిద పూసినట్టు తెలుపు. కొమ్మ చివర లేత నీలిరంగు పూల గుత్తులు. ఆకు నలిపితే గుప్పుమని ఘాటైన వాసన. అదే వావిలి. మన పల్లెల్లో ‘వాయిలి’ అనేవాళ్లే ఎక్కువ.

ఈ పేరు చెబితే అరవై దాటిన ఆడవాళ్లకు ముందు గుర్తుకొచ్చేది బాలింత స్నానం. ఆ వయసు మగవాళ్లకు గుర్తుకొచ్చేది బడిపంతులు చేతిలోని వాయిలి బరిగె. పాతికేళ్ల కుర్రవాళ్లను అడిగితే వినాయక చవితి పత్రిలో ఉంటుందట కదా అంటారు, అంతే. చెట్టు నిన్నమొన్నటి వరకు ఊరి చుట్టూ ఉంది, తెలిసినవాళ్లే తగ్గిపోయారు. ఇప్పుడు చెట్టు కూడా తగ్గుతోంది. రెండు మూరల వెడల్పు ఉన్న గట్లు జానెడుకు వచ్చాయి. మిగిలిన గట్టు మీద కలుపు మందు కొడుతున్నాం. డొంకల పక్క పొదలను జేసీబీతో ఒక్క పూటలో ఊడ్చేస్తున్నాం. వావిలిని ఎవరూ పనిగట్టుకుని నరకలేదు, అడ్డొచ్చిన వాటితో పాటు అదీ పోయింది.

ఎవరి పొలంలోనూ పంటగా లేని మొక్క ఇది. ఎవరి సొత్తూ కాదు కనుక అందరూ వాడుకున్నారు. అర్ధరాత్రి నడుం పట్టేసినా నాలుగు మండలు విరుచుకొచ్చి నీళ్లు కాచుకోగలిగారు. కందులు పోసేటప్పుడు రెండు గుప్పిళ్లు కలుపుకోగలిగారు. చేతికి అందేంత దూరంలో ఉండటమే దాని విలువ. కొనుక్కొచ్చి వాడే రోజు వస్తే ఈ వాడకాల్లో సగం ఆ రోజుతోనే ఆగిపోతాయి.

తులసికి చుట్టం

సంస్కృతంలో దీన్ని నిర్గుండి అన్నారు, సింధువారం అన్నారు. శరీరాన్ని రోగాల నుంచి కాపాడేది కనుక నిర్గుండి అయిందని ఆయుర్వేద పండితులు చెబుతారు. తమిళులకు నొచ్చి, కన్నడిగులకు లక్కి, హిందీవాళ్లకు సంభాలు. శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. 1753లో ఈ పేరు పెట్టిన లిన్నేయస్ ‘నెగుండో’ అనే మాటను మన దేశపు నిర్గుండి నుంచే తీసుకున్నాడని చెబుతారు. ఆకులు వావిలాకును పోలి ఉన్నాయని అమెరికాలో పెరిగే ఒక మేపుల్ చెట్టుకూ ఆయన నెగుండో అనే పేరే తగిలించాడు. మన వాగు ఒడ్డు మొక్క పేరు అలా సముద్రం దాటింది. వృక్షశాస్త్రజ్ఞులు మొదట్లో వావిలిని టేకు ఉన్న కుటుంబంలో చేర్చారు, తర్వాత రెండింటినీ తులసి కుటుంబంలో కలిపారు. ఆకు నలిపి వాసన చూసినవాళ్లకు ఆ చుట్టరికం వింతగా తోచదు.

కాళిదాసు కుమారసంభవంలో పార్వతి వసంతకాలపు పూలతో అలంకరించుకున్నప్పుడు ముత్యాల సరాల బదులు పెట్టుకున్నవి సింధువార పూలు. వినాయకుడి ఏకవింశతి పత్రాల్లో సింధువార పత్రం అంటే ఈ వావిలాకే. చవితి ముందురోజు బజారులో కట్ట కట్టి అమ్మే పత్రిలో మాత్రం దీని జాగాలో ఏ ఆకు పడితే ఆ ఆకు ఉంటోంది. ఐదు వేళ్లు, కింద తెలుపు, ఘాటు వాసన, ఈ మూడూ చూసుకుంటే మోసపోయే పని లేదు. వావిలాల, వావిళ్ల అనే ఇంటిపేర్లు, వావిలాల అనే పేరున్న ఊళ్లు తెలుగునాట ఉండనే ఉన్నాయి.

బాలింత నీళ్లు

వావిలికి మన ఇళ్లలో దక్కిన పెద్దపీట పురిటింట్లోనే. తెల్లవారుజామున పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంగాళం ఎక్కించి, అందులో వావిలి మండలు ఆకులతో సహా తుంచి వేసి, నీళ్లు రంగు మారేదాకా మరగకాచేవారు. బాలింతకు ఒళ్లంతా నూనె రాసి, నలుగు పెట్టి, ఆ నీళ్లను చన్నీళ్లతో తొలిపి నడుం మీద, కీళ్ల మీద ధారగా పోసేవారు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, తలకు గుడ్డ, వెచ్చని పక్క. కొందరు వావిలాకుతో పాటు చింతాకు వేస్తారు, కొందరు వేపాకు వేస్తారు. పచ్చి ఒంటికి వాతం కమ్మకుండా ఉంటుందని అవ్వలు చెప్పే కారణం.

ఇందులో ఆకు చేసే మేలెంత, వేడి నీళ్లు చేసే మేలెంత అని విడదీయడం కష్టం. వేడికి పట్టేసిన కండరాలు సడలుతాయి, అది ఎవరికైనా అనుభవమే. ఆకులోని నూనె వాసనకు తల దిమ్ము తగ్గినట్టు ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గంట సేపు ఇంట్లో పెద్దామె ఒకరు కూర్చుని బాలింతకు నీళ్లు పోసేది, ఒళ్లు రుద్దేది, బిడ్డను మరొకరు చూసుకునేవారు. ఆ గంటలో ఆమెకు ఏ పనీ చెప్పేవారు కాదు. వావిలి స్నానంతో ఒళ్లు తేలికైందని అవ్వలు చెప్పుకునే దాంట్లో ఆ సేవకూ వాటా ఇవ్వాలి.

ఇప్పుడు ఆపరేషన్ కాన్పులు ఎక్కువయ్యాయి. కుట్లు ఆరకముందే నడుం మీదుగా మరుగు నీళ్లు పోయడం మంచిది కాదు. ఎప్పటి నుంచి పోయవచ్చో కాన్పు చేసిన డాక్టరును అడిగాకే ఈ స్నానం మొదలుపెట్టాలి. పసిబిడ్డకు ఈ నీళ్లు పోయకూడదు. బిడ్డ పడుకున్న గదిలో పొగ అసలే పనికిరాదు. గర్భిణులు వావిలాకు రసం గానీ కషాయం గానీ లోపలికి పుచ్చుకోకూడదు.

నాట్ల కాలం మందు

పురిటింటి తర్వాత ఈ ఆకును బాగా ఎరిగినవాళ్లు నాటు కూలీలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నడుం వంచి నాట్లు వేసి, ఇంటికొచ్చేటప్పుడు దారిలో నాలుగు మండలు విరుచుకొచ్చేవాళ్లు. ఆ రాత్రి స్నానం వాటితోనే. మర్నాడు మళ్లీ వంగాలంటే ఆ నీళ్లు పడాల్సిందే అని ఇప్పటికీ చెబుతారు. మోకాళ్ల వాపులకు, బెణుకులకు ఆకును ఆముదంలో గానీ నువ్వుల నూనెలో గానీ పెనం మీద వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి కాపడం పెడతారు. మూట ముందు మోచేతి లోపలి వైపు ఆనించి వేడి చూసుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నా తెలియదు. వాళ్లు కాపడం పాదాల జోలికి పోనీయకుండా ఉంటే మేలు.

పడిశం పట్టినప్పుడు మరిగే నీళ్లలో ఆకు, చిటికెడు పసుపు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం అందరికీ తెలిసిందే. నీడన ఆరబెట్టిన ఆకును దిండులో దూదికి బదులు కూరుకుని తలనొప్పికి వాడేవాళ్లు ఉన్నారు. సాయంకాలం కొట్టంలో పచ్చి మండలు నిప్పుల మీద వేసి పొగ పెడితే పశువులకు దోమల పోరు, జోరీగల పోరు తగ్గుతుంది. చెన్నైలో 2010 దశకం తొలి సంవత్సరాల్లో దోమల నివారణకని నొచ్చి మొక్కలు పంచారు. అయితే మొక్క పెరట్లో నిలబడి ఉన్నంత మాత్రాన దోమ పారిపోదు. ఆకు నలిగితేనో, పొగ అయితేనో దానిలోని నూనె బయటికి వస్తుంది. పెరట్లో వావిలి నాటి పక్కనే తొట్టిలో నీళ్లు నిల్వ ఉంచితే లాభం లేదు.

నొప్పులు, వాపుల మీద వావిలాకు పనిచేస్తుందన్న మాటకు ప్రయోగశాలల్లో కొంత ఆధారం దొరికింది. శ్రీలంక పరిశోధకులు ముదురు పచ్చి ఆకు కషాయాన్ని ఎలుకల మీద పరీక్షించి వాపును, నొప్పిని తగ్గించే గుణం ఉందని 2003లో ప్రకటించారు. ఎలుకల్లో కనిపించినదంతా మనుషుల్లో కనిపిస్తుందని కాదు, అవ్వల మాట వట్టి నమ్మకం కాదని మాత్రం తేలింది.

మనకంటే ముందుకు వెళ్లింది ఫిలిప్పీన్స్ దేశం. అక్కడ దీన్ని లగుండి అంటారు. నొప్పులకంటే దగ్గుకే ఎక్కువ వాడతారు. 1992లో అక్కడి ఆరోగ్య శాఖ ప్రజలు నిర్భయంగా వాడుకోదగిన మొక్కలంటూ పదింటిని ఎంచి ప్రచారం చేసింది. అందులో లగుండి ఒకటి. ఆకు ఎంత, మోతాదు ఎంత, ఎవరికి ఇవ్వవచ్చు అన్నవి పరీక్షించి తేల్చాక మాత్రలుగా, సిరప్‌గా తయారుచేసి మందుల షాపుల్లోకి తెచ్చారు. అదే మొక్క, అదే ఆకు. మన దగ్గర మోతాదు ఇప్పటికీ ‘గుప్పెడు’, ‘చారెడు’ దగ్గరే ఉంది. అందుకే పైపూతగా, కాపడంగా, స్నానానికి ఎంత ధైర్యంగా వాడుకున్నా, లోపలికి తీసుకోవాలంటే ఆయుర్వేద వైద్యుడిని అడగాలి. నెలల తరబడి తగ్గని కీళ్ల వాపుకు, కఫంలో నెత్తురు పడే దగ్గుకు వావిలాకుతో కాలక్షేపం చేయరాదు.

గాదెలో, గుమ్మిలో

రైతుకు వావిలితో రెండో చుట్టరికం గింజ నిల్వలో. పెసలు, కందులు, మినుములు, అలసందలు ఇంట్లో పోసుకున్నప్పుడు మూడు నెలలు తిరిగేసరికి పుచ్చు పడుతుంది. పెంకు పురుగు గింజ మీద గుడ్డు పెడుతుంది, పిల్ల గింజలోకి తొలుచుకుపోతుంది. బయటికి సన్నటి గుండ్రని రంధ్రం కనిపించేసరికి లోపల పప్పు ఉండదు. విత్తనానికి దాచినవైతే మొలక రాదు.

పాతవాళ్లు చేసిన పని సులువైనదే. వావిలాకు పూత రాకముందు కోసి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెడతారు. నలిపితే పొడి అయ్యేటట్టు ఉండాలి. కుండ అడుగున ఒక వరస ఆకు, పైన బెత్తెడు మందాన గింజ, మళ్లీ ఆకు, మళ్లీ గింజ, అలా నింపి, మూతి దగ్గర ఆకు ఒత్తుగా పరిచి మట్టితో మెత్తేస్తారు. కొందరు వేపాకు, కానుగాకు కూడా కలుపుతారు. ఆకు వాసనకు పురుగు గుడ్డు పెట్టడం తగ్గుతుంది. ఇది ప్రయోగాల్లోనూ గమనించిన విషయమే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, పచ్చి ఆకు వేయడం. దాని తేమ గింజకు పట్టి బూజు వస్తుంది, పురుగు కంటే అది చెడ్డది. రెండు, సరిగా ఎండని గింజలో ఆకు కలపడం. కొరికితే టక్కున విరిగేటట్టు గింజ ఎండాలి, చల్లారాక పోయాలి. ఇప్పటికే పురుగు తొలిచిన గింజలో ఆకు వేసి ప్రయోజనం లేదు, లోపలున్న పిల్ల చావదు. ఆకు వేయడం పురుగు రాకముందు చేసే పని. ఏడాదికి పైగా ఉంచదలిస్తే మూడు నాలుగు నెలలకోసారి ఎండకు పోసి, కొత్త ఆకు మార్చాలి. వ్యాపారులకు అమ్మే పెద్ద నిల్వలకు ఈ పద్ధతి సాగదు. ఇంటి తిండికి, ఇంటి విత్తనానికి మాత్రం దీనికి మించిన చవక పద్ధతి లేదు. తిండిగింజలో మందు గోళీలు వేసి, అదే గదిలో పడుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే ఎన్నో రెట్లు నయం.

పైరు మీద ఎంతవరకు?

మన ఉమ్మడి జిల్లాకు పురుగుమందులు లేని సేద్యంలో పేరు తెచ్చిన ఊరు పాల్వంచ మండలం పునుకుల. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పత్తి మీద మందుల అప్పులతో విసిగిన ఆ ఊరి రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం వంటి వాటికి మళ్లి, 2003 నాటికి ఊరు మొత్తాన్ని పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. ఆ తర్వాత మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతులు రాష్ట్రంలో చాలా ఊళ్లకు పాకాయి. వాటి జాబితాల్లో వావిలాకు కషాయం ఉంది. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు తయారుచేసుకునే దశపర్ణి కషాయంలోనూ వావిలి ఒక ఆకు.

రైతులు సాధారణంగా పాటిస్తున్న కొలత ఇది. ఎకరానికి 5 కిలోల పచ్చి ఆకు. 10 లీటర్ల నీళ్లలో వేసి అరగంట సేపు మరిగించాలి. చల్లారాక పలుచని గుడ్డతో రెండుసార్లు వడగట్టాలి, లేకపోతే పంపు నాజిల్ పూడుకుపోతుంది. దానికి 100 గ్రాముల సబ్బుపొడి గానీ కుంకుడు రసం గానీ కలిపి 100 లీటర్ల నీటిలో పోసి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. అదే రోజు వాడేయాలి. వంటకు వాడే గిన్నె దీనికి పెట్టవద్దు. ఆకుమందే కదా అని ముఖానికి గుడ్డ కట్టుకోకుండా కొట్టవద్దు. మొదటిసారి చేసేవాళ్లు నాలుగు సాళ్ల మీద కొట్టి, రెండు రోజులు చూసి, ఆకు మాడకపోతే మిగతా చేనుకు వెళ్లాలి.

ఇది పురుగును చంపే మందు కాదు. ఆకు రుచి మార్చి పురుగును తిననివ్వదు, గుడ్డు పెట్టనివ్వదు. కాబట్టి గుడ్ల దశలో, పిల్ల పురుగుల దశలో కొడితేనే గుణం కనిపిస్తుంది. ఎదిగిన పొగాకు లద్దె పురుగు మీద ఎన్ని డ్రమ్ములు కొట్టినా అది నవ్వి ఊరుకుంటుంది. 2021-22 సీజన్లో మన మిరప తోటల మీద కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడి పూతంతా రాల్చేసింది. ఎకరాలకు ఎకరాలు దున్నేసుకున్న బాధ ఇంకా ఎవరూ మరవలేదు. అలాంటి ఉపద్రవాన్ని ఒక్క వావిలాకు కషాయంతో ఆపగలమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నీలిరంగు జిగురు అట్టలు, కలుపు తీయడం, అంతర పంట, వేపనూనె, అవసరమైతే వ్యవసాయ శాస్త్రవేత్తల సలహాతో మందు, ఇవన్నీ కలిసి చేసే పనిలో వావిలిది ఒక చెయ్యి మాత్రమే. ఆ ఒక్క చెయ్యికి ఖర్చు లేదు, అందుకే వదులుకోకూడదు.

పాము విషయంలో నమ్మవద్దు

వావిలి గురించి చెప్పుకునే వాటిలో ప్రాణం తీసేది ఒకటుంది. వావిలి ఉన్నచోటికి పాము రాదని, పాము కాటేస్తే వావిలి వేరు నూరి తాగించినా, కాటు మీద కట్టినా విషం దిగిపోతుందని ఒక నమ్మకం. రెండూ తప్పే. గుబురు పొద ఎక్కడుంటే అక్కడ ఎలుక చేరుతుంది, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. వావిలి పొద అందుకు మినహాయింపు కాదు. మండలు విరిచేటప్పుడు ముందు కర్రతో తట్టి చూసి చెయ్యి పెట్టాలి.

వేరు తాగి బతికినవాళ్లు ఊరికొకరు ఉంటారు, వాళ్లను చూపించే నమ్మకం నిలబెడుతుంటారు. కానీ కాటేసే పాముల్లో చాలా భాగం విషం లేనివి. విషపు పాము కూడా ఒక్కోసారి కాటేసి విషం వదలదు. అలాంటి కాటుకు వేరు తాగినా బతుకుతారు, మజ్జిగ తాగినా బతుకుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నిజంగా విషం వదిలితే వేరు నూరుతున్న ఆ గంటే కొంప ముంచుతుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఎక్కువ మంది పల్లెవాళ్లే. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరసలో తెలంగాణతో కూడిన పాత ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పైరు పనులు ముమ్మరంగా ఉండే వానాకాలమే పాముకాటుకూ కాలం.

కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చాలి. ఆ నాలుగు పాముల విషానికీ విరుగుడు సూది ఒక్కటే మందు. వావిలిని మనసారా మెచ్చుకునేవాళ్లే ఈ మాట నలుగురికీ ముందుగా చెప్పాలి.

ఇంకో చిక్కు పేరుతో వస్తుంది. ‘నల్లవావిలి’ అని అడిగితే ఒక్కోచోట ఒక్కో మొక్క చూపిస్తారు. అడ్డసరం జాతికి చెందిన వేరే మొక్కకు కూడా ఆ పేరుంది. దాని ఆకు ఒంటి ఆకు, వేళ్లుగా చీలి ఉండదు. మూడేసి ఆకులు మాత్రమే వచ్చే నీరువావిలి మరొకటి. అడవిలోని నెమలిఅడుగు చెట్టు కూడా వావిలికి దగ్గరి చుట్టమే, కానీ అది పొద కాదు, మాను. మన వావిలికి ఐదు వేళ్లు మామూలు, కొన్ని ఆకులకు మూడే ఉంటాయి. ఒక్క ఆకును చూసి తేల్చకుండా కొమ్మంతా చూడాలి.

పది మండలు చాలు

వావిలి నాటడానికి నర్సరీకి పోవాల్సిన పని లేదు, పైసా ఖర్చు లేదు. తొలకరి పడ్డాక, నేల బాగా తడిసిన రోజు చూసుకుని, నిరుటి కొమ్మ నుంచి బొటనవేలు లావున్న కర్రలు కోయాలి. మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదురుది వేరు వేయడానికి బద్ధకిస్తుంది. జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉంటే సరి. కింది కోత ఏటవాలుగా, పై కోత తిన్నగా కోస్తే తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. మూడింట రెండు వంతులు మట్టిలోకి పోయేటట్టు పాతి కాలితో అదమాలి. కంచెకైతే రెండడుగుల ఎడం, ఆకు కోసమైతే ఆరడుగులు. వాన మొహం చాటేస్తే మొదటి నెల వారానికోసారి చెంబెడు నీళ్లు. ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది.

పశువులు దీన్ని మేయవు, మేకలు కూడా అంతగా ముట్టవు. మిగతా మొక్కలకు కావలి పెట్టాలి, ఇదే కావలి కాస్తుంది. వేరు గట్టి పట్టు కనుక వాగు పక్క పొలాల్లో ఒడ్డు కోసుకుపోకుండా ఆపుతుంది. పూత మీద తేనెటీగలు ముసురుతాయి, పక్కన కూర పాదులుంటే కాయ బాగా నిలుస్తుంది. కొట్టేసిన రొట్టను వరి మడిలో తొక్కితే పచ్చిరొట్ట ఎరువు. సన్నని బరిగెలు తట్టలకు, దడులకు పనికొస్తాయి. బడిపంతుళ్లు ఎలాగూ అడగడం లేదు, పిల్లల అదృష్టం!

గట్టు మీద నీడ పడి పైరు దెబ్బతింటుందనే భయం ఉన్నవాళ్లు ఏడాదికోసారి నడుమెత్తుకు నరకాలి. ఎంత నరికితే అంత గుబురుగా చిగురిస్తుంది. కోసేటప్పుడు పొద మొత్తం దూయకుండా మూడో వంతు ఆకు వదలాలి. పిలకలు వేసే మొక్క కనుక నీటి బోదె లోపలి వైపు కాకుండా బయటి వైపు నాటుకోవాలి. వావిలాకుకు మార్కెట్ ఉందని, ఎకరాల్లో వేయమని చెప్పే దళారులు ఎదురైతే, ధర ఎంతో, కొనేదెవరో కాగితం మీద రాసి ఇమ్మని ముందు అడగాలి. ఇది గట్టు మీద ఉండాల్సిన మొక్క, చేను మధ్య కాదు.

ఇప్పుడు వాగు ఒడ్డున ఉన్న పొదల నుంచి కర్రలు తెచ్చుకునేవాళ్లు ఒక్కో పొద నుంచి రెండు మూడు కొమ్మలే కోయండి. ఇంటికి పది కర్రలు సరిపోతాయి. అందులో ఆరు బతికినా రెండో ఏటి నాట్లనాటికి స్నానానికి, కందుల కుండకు, చవితి పత్రికి ఆకు మీ గట్టు మీదే దొరుకుతుంది.